తొమ్మిదో ప్రశ్న

విజయవాడ వన్ టౌన్,
3 జులై 2025

పెదనాన్నకు జుబియా సలాం.

ఫోన్ చేస్తే పెద్దమ్మ ఎత్తుతుంది. నేను చెప్పింది నీ చెవిలో అరుస్తుంది. నువ్వు "ఆఁ?" అంటావు. మూడోసారి అరిచేసరికి సంగతి పామర్రులో మన వీధంతటికీ తెలుస్తుంది, నీకు తప్ప. అందుకే కాగితం. ముప్పై ఏళ్లు దూది ఏకే మిషను పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నావు గానీ, కళ్లు బాగానే ఉన్నాయిగా. చదువుకో.

ఉద్యోగం మారాను. రెండేళ్లలో ఇది మూడోది. నాకూ గుర్తుంది, దెప్పకు. బందరు రోడ్డు మీద కొత్తగా పెట్టిన కైరోప్రాక్టిక్ క్లినిక్‌లో రిసెప్షన్. మందులూ ఇంజెక్షన్లూ లేకుండా వెన్నుపూసల్నీ కీళ్లనీ చేతులతో సరిచేసే వైద్యం అది. డాక్టర్ మనోజ్ఞ గారు విదేశంలో చదివొచ్చారు. మనిషి పుల్లలా ఉంటారు. మణికట్లు మాత్రం అచ్చం నీవే, పరుపులోంచి దబ్బనం లాగి లాగి గట్టిపడ్డట్టు.

వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, ఫారం నింపించి, భయం తగ్గించడం నా పని. తలుపు తీసే తీరు చూసి నొప్పి ఎక్కడో చెప్పేస్తున్నాను ఈ మధ్య. వన్ టౌన్ బట్టల కొట్టాయన ఒకాయన వస్తాడు, మెడ ఎడమకే తిరుగుతుంది. ఇరవై ఏళ్లుగా ఆయన గల్లాపెట్టె ఎడమ పక్కనే ఉందట. కుడివైపు ఎవరైనా నమస్తే అంటే మనిషంతా తిరగాలి, గొడుగు తిప్పినట్టు.

నేను ఎదురుకాళ్లతో పుట్టానని ఇక్కడెవరికీ చెప్పలేదు. నడుం పట్టినవాళ్లంతా పొద్దున్నే పరగడుపున మన వాకిట్లో చాప మీద బోర్లా పడుకోవడం, నువ్వు చెయ్యి పట్టుకుని నన్ను వాళ్ల వీపు మీద మూడుసార్లు నడిపించడం, వాళ్లు లేచి నా పాదాలు కళ్లకద్దుకోవడం... డాక్టరుగారు వింటే ఏమంటారో. బీఎస్సీ చదివాను, ఊరు వదిలాను, అయినా నడుముల్ని మాత్రం వదల్లేకపోతున్నాను.

అసలు సంగతికొస్తా. పది రోజులుగా గచ్చు మీద పడుకుంటున్నావట. ఊరందరికీ పరుపులు కుట్టి నువ్వు గచ్చు మీదా! ఈ ఉత్తరంతో ఫారం పెట్టాను. తెలుగులో రాసింది నేనే. పన్నెండు ప్రశ్నలు. జవాబులు పంపితే అపాయింట్‌మెంట్ తీసుకుంటాను.

మొదటి రోజే నడుం విరుస్తారని భయపడకు. ముందు మాట్లాడతారు. తర్వాత నిలబెట్టి, వంచి, మడమల మీదా మునివేళ్ల మీదా నడిపించి, చిన్న సుత్తితో మోకాలి కింద తట్టి చూస్తారు. అవసరమైతే ఎక్స్‌రేకి పంపుతారు. అన్నీ సరిపోయాయనుకుంటేనే బల్ల మీద పడుకోబెట్టి చెయ్యి వేస్తారు. అంతే.

పెద్దమ్మకు సలాం చెప్పు. ఈసారి నువ్వే అరిచి చెప్పు.

నీ
జుబియా


పామర్రు,
7 జులై 2025

అమ్మాయి జుబియాకు పెదనాన్న దీవెనలు.

ఉత్తరం అందింది. పోస్ట్‌మాన్ ఏసుపాదం సైకిల్ స్టాండు వేసి మరీ ఇచ్చాడు. "బ్యాంకు నోటీసులు కాకుండా చేత్తో రాసిన కవరు చూసి ఎన్నాళ్లైంది సైదావలీ" అని నోరు కదిపాడు. అలాగే అన్నాడనుకుంటున్నాను. తిట్టి కూడా ఉండొచ్చు.

మూడో ఉద్యోగం అని నేనెక్కడ దెప్పాను? నాలుగోది వచ్చేదాకా ఆగుదామనుకున్నాను.

నీ ఫారం నేరుగా నింపితే కొట్టివేతలు పడతాయని ఇక్కడ రాస్తున్నాను. నువ్వు చక్కగా ఎక్కించుకో.

ఒకటి, పేరు: నీకు తెలియదూ? రెండు, వయసు: అరవై రెండు. ఆధార్‌లో అరవై. మూడు, పని: పరుపులు, దిళ్లు. కింద బాసింపట్టు వేసుకుని రోజుకి ఎనిమిది గంటలు. నాలుగు, నొప్పి ఎక్కడ: నడుం కింద మొదలై కుడి పిర్ర మీదుగా పిక్క దాకా కాలిన తీగలా. అయిదు, ఎప్పటినుంచి: కల్యాణమండపం వాళ్లు ఇరవై పరుపులు కావాలన్నారు చూడు, వాళ్లకోసం బూరుగు దూది బేలు ఎత్తిన రోజునుంచి. ఆరు, దేనికి ఎక్కువవుతుంది: తుమ్మితే, దగ్గితే, మీ పెద్దమ్మ తిడితే. ఏడు, దేనికి తగ్గుతుంది: గచ్చుకి. ఎనిమిది, పాత జబ్బులు: చెవులు. పది, వాడే మందులు: మెడికల్ షాపు చక్రి ఇచ్చిన గోలీలు, ఎర్రవి. పదకొండు, చికిత్స గురించి భయాలున్నాయా: ఉన్నాయి. చక్రి తన ఫోన్లో మీ వైద్యం వీడియో చూపించాడు. ఒకడి తల పట్టుకుని చెరుగ్గెడ విరిచినట్టు విరిచారు. నాకు వినపడలేదు గానీ చూసినవాళ్లంతా "అబ్బా" అని నోళ్లు తెరిచారు. పన్నెండు, చికిత్స వల్ల ఏం ఆశిస్తున్నారు: మళ్లీ కింద కూర్చుని దబ్బనం పట్టాలి. ఇరవైలో ఏడు పరుపులే అయ్యాయి.

నిన్న పాలు పోసే రావమ్మ నడుం పట్టిందని వంకరగా నడుస్తూ వచ్చి, "మీ కాళ్ల పిల్ల ఎప్పుడొస్తది?" అని చేతులు తిప్పి అడిగింది. క్లినిక్‌లో పెద్ద ఉద్యోగం అని చెప్పాను. "అయితే టౌనోళ్ల నడుములు బాగు చేస్తందన్నమాట" అని సంబరపడింది. కాదని చెప్పబుద్ధి కాలేదు.

పెద్దమ్మ గోంగూర పచ్చడి పెట్టింది, సీసా మూత బిగుసుకోక పంపలేదు.

ఇట్లు
సైదావలి


విజయవాడ వన్ టౌన్,
11 జులై 2025

పెదనాన్నకు,

నీ జవాబులు డాక్టరుగారికి ఇంగ్లీషులో చదివి వినిపించాను. ఆరోదానికి నవ్వారు. నాలుగోదానికి నవ్వలేదు. పిక్క దాకా దిగుతోందంటే వెన్నుపూసల మధ్య మెత్త పక్కకి జరిగి నరాన్ని ఒత్తుతోందేమో చూడాలి అన్నారు. పరుపు కుట్టు ఊడితే దూది పక్కనుంచి పొంగుతుంది చూడు, అలాంటిదేనట. ఆ పోలిక నాది. ఆవిడ బొమ్మ గీసి చూపించారు.

చక్రి వీడియో సంగతి. ఆ చప్పుడు ఎముకది కాదు. కీలు మధ్య ద్రవంలో ఉండే గాలి వల్ల అలా టక్‌మంటుంది. నువ్వు వేళ్లు విరుచుకుంటే వచ్చేదీ అదే. చప్పుడు రాకపోయినా పని జరుగుతుంది. ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులుంటాయి, పొలం పనికి కొత్తగా వెళ్లినట్టు. మెడ జోలికి నీకసలు వెళ్లరు.

రావమ్మతో అలా ఎందుకన్నావు? నేనిక్కడ ఎవరి నడుమూ తొక్కడం లేదు. నాకు ఇరవై నాలుగేళ్లు. పక్కింటి పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు కూడా "ఒక్కసారి తొక్కిపోమ్మా" అంటే వెళ్లి తొక్కిన పిల్లని నేను. ఇంటర్ పరీక్ష రోజున కూడా ఇద్దరిని తొక్కి బస్సెక్కాను. చాలు.

ఒక్కటి మాత్రం అడుగుతాను, ఎప్పటినుంచో అడగాలని ఉంది. ఊరందరి వీపులూ నా కాళ్లకి తెలుసు. నీది తెలియదు. నీకు నడుం పట్టినప్పుడల్లా నేను పరిగెత్తుకొస్తే "నువ్వు పో, చదువుకో" అని తరిమేవాడివి. అమ్మ నన్ను కన్న నాలుగో రోజున పోయింది, నాన్న హనుమాన్ జంక్షన్‌లో ఇంకో కాపురం పెట్టాడు, నన్ను పెంచింది మీరిద్దరే. నీ వీపు మీద నా పాదం పడితే ఏమైంది? నమ్మకం లేదా? మరి ఊళ్లోవాళ్లందరినీ ఎందుకు పడుకోబెట్టావు?

సరే వదిలెయ్. తొమ్మిదో ప్రశ్నకి జవాబు రాయలేదు నువ్వు. ఎనిమిది తర్వాత పది వేశావు. మలమూత్రాల దగ్గర ఏమైనా తేడా ఉందా, తొడల మధ్య మొద్దుబారినట్టుందా అని. ఫారంలో ఖాళీ ఉంటే అపాయింట్‌మెంట్ ఇవ్వరు. ఉంటే రాసేవాడివేగా అని నేనే "లేదు" అని టిక్కు పెట్టేశాను. తప్పయితే రాయి.

19వ తేదీ, పదకొండు గంటలకి. పెద్దమ్మని తీసుకుని రా.

జుబియా


పామర్రు,
15 జులై 2025

జుబియాకు,

వస్తాం. పెద్దమ్మ ఇప్పటికే కొత్త చీర తీసింది. వైద్యం నాకో తనకో తెలియడం లేదు.

తొమ్మిదోదానికి నువ్వు రాసిందే ఉండనీ. ఆడపిల్లవి, అలాంటివి రాయమని నీకెవరు చెప్పారసలు? డాక్టరమ్మ చెప్పినా నువ్వు ఎత్తి రాయడమేంటి?

మొన్న శుక్రవారం నమాజుకి వెళ్లి ఇంటికొచ్చాను. గడప దగ్గర పెద్దమ్మ నా కాళ్లకేసి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కుడికాలికి చెప్పు లేదు. దారిలో ఎక్కడ జారిపోయిందో నాకు తెలియనే లేదు. వీధి వీధంతా ఒంటి చెప్పుతో నడిచొచ్చానన్నమాట. చక్రి వెనకాలే చెప్పు పట్టుకుని వచ్చాడు, పిలిచాడట, నాకు వినపడితేగా. "మావా, నీకు చెవులే కాదు, కాళ్లు కూడా వినపడటం మానేశాయి" అని చేత్తో చూపిస్తే అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను.

మజ్జిగ మానేశాను. నీళ్లు కూడా తగ్గించాను. బస్సులో ఇబ్బంది కదా, ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటున్నాను.

వీపు సంగతి అడిగావు. పిల్లలు అన్నీ అడుగుతారు. పెద్దాళ్లు అన్నీ చెప్పరు.

ఇట్లు
పెదనాన్న


పామర్రు,
20 జులై 2025

జుబియాకు,

నిన్న మీ క్లినిక్ చూశాం. చల్లగా ఉంది. పెద్దమ్మకి కుర్చీలు నచ్చాయి. స్పాంజి మంచిదే, కుట్టు మాత్రం ఎవడో పని తెలియనివాడు కుట్టాడు.

మీ డాక్టరమ్మ నా నడుం మీద చెయ్యి వెయ్యలేదు. సుత్తితో తట్టింది. సూదితో పాదం గుచ్చింది. మునివేళ్ల మీద నిలబడమంది, కుడికాలు నిలబడలేదు. ఆ బల్ల అక్కడే ఉంది. దాని మీద పడుకుందామని పొద్దున్నే తలంటుకుని, ఉతికిన బనీను వేసుకుని వచ్చాను. పడుకోమనలేదు. నీతో ఏదో చెప్పింది. నువ్వు తల దించుకున్నావు. ఆవిడ వేలు తలుపువైపు చూపించింది. వినపడనివాడికి వేళ్లు బాగా కనపడతాయమ్మా.

లోపలికి తీసుకెళ్లేటప్పుడు అక్కడున్నవాళ్లతో నువ్వేదో అన్నావు, పెద్దమ్మ విని నాకు చెప్పింది. "పామర్రు నుంచి వచ్చిన పేషెంటు" అన్నావట. పెదనాన్న అని అనలేదట. పోనీలే, ఆఫీసు కదా.

తర్వాత చీటీ రాసి నా చేతిలో పెట్టావు, "ఈరోజే, ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్లాలి" అని. ఆటో ఎక్కించి లోపలికి పరిగెత్తావు. ఇలాంటి చీటీ ఇరవై నాలుగేళ్ల కింద కూడా ఒకటి నా చేతికిచ్చారు, మీ అమ్మకి. కారు ఉయ్యూరు దాటలేదు. చేతులెత్తేసినప్పుడే అలా రాసిస్తారని నాకు తెలుసు. ఆటోవాడికి బస్టాండని చెప్పాను. పెద్దమ్మకి చదవడం రాదు, చీటీలో మందుల పేర్లున్నాయన్నాను. సాయంత్రం నువ్వు ఫోన్ చేస్తే చూపించామని చెప్పింది కూడా నేను చెప్పమన్నందుకే, దాన్నేం అనకు.

నువ్వు బాధపడాలని రాయడం లేదు. నా పాత పరుపు మీదే ఉంటాను.

సైదావలి


బస్సులో, కంకిపాడు దాటాక,
23 జులై 2025

పెదనాన్నా,

దీనికి స్టాంపు లేదు. నేనే తెస్తున్నాను. నీ ఉత్తరం పదింటికి అందింది, పదింపావుకి బస్టాండులో ఉన్నాను. పెద్దమ్మకి ఫోన్ చేశాను. తను ఏడుస్తోందే తప్ప ఏం చెప్పడం లేదు. అంబులెన్స్‌కి కూడా చెప్పాను, నాకంటే ముందే వస్తుందేమో. వీధిలో నిలబడి నీ చెవిలో నేను అరవలేని మాటలు ఇందులో రాస్తున్నాను. అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉంటే రోడ్డుని తిట్టుకో. చదివి, ఎక్కు. ఎక్కి, తర్వాత కోప్పడు.

డాక్టరుగారు నిన్ను ముట్టుకోకపోవడం నిన్ను కాదనడం కాదు. కొన్ని నడుముల మీద చెయ్యి వెయ్యకూడదు. ఏది వెయ్యొచ్చో ఏది వెయ్యకూడదో తేల్చడానికే ఆ సుత్తి, సూది, పన్నెండు ప్రశ్నలు. వెన్ను చివర గుర్రం తోకలా నరాల గుత్తి ఉంటుంది. మెత్త పొంగి ఆ గుత్తినంతటినీ నొక్కితే కాలు బలం పోతుంది, ఒంటేలు రాదు, మొద్దుబారుతుంది. అప్పుడు గంటలు లెక్క. ఆపరేషన్ చేసి ఆ ఒత్తిడి తీసెయ్యాలి. తొమ్మిదో ప్రశ్న అందుకే. లోపల కాగితం మీద ఆవిడ మళ్లీ అడిగితే నువ్వు నాకేసి చూసి అడ్డంగా తల ఊపావు. ఆవిడ నీ తలని నమ్మలేదు, నీ కాలిని నమ్మారు.

ఆవిడ చూపించింది తలుపుని కాదు. తలుపు పక్కనున్న గడియారాన్ని.

నేను తల దించుకున్నది నీ గురించి సిగ్గుపడి కాదు. ఆ ప్రశ్న గురించి. హాల్లో పదిమంది కూర్చుని ఉన్నారు. "పెదనాన్నా, నీకు ఒంటేలు వస్తోందా" అని నీకు వినపడేంత గట్టిగా అరవలేకపోయాను. పెదనాన్న అని పిలవకపోయింది కూడా, పిలిస్తే ఎవరో ఒకరు మీ ఊరేదని అడుగుతారని, పామర్రు అంటే ఎవరికో ఒకరికి కాళ్ల పిల్ల గుర్తొస్తుందని. చూశావా, నా సిగ్గు ఎంత చిన్నదో. సెలవడిగి ఆటోలో నీ పక్కన కూర్చోవాల్సింది. శనివారం రద్దీ అని కూర్చోలేదు.

నీ చెప్పు జారిపోయిన ఉత్తరం 18న అందింది. చదివి నవ్వాను. హాస్టల్లో రూతుకి చదివి వినిపిస్తే అదీ నవ్వింది. చెప్పు కథ ఒకటి, మజ్జిగ మానడం ఒకటి. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. ఆ ఫారం తెలుగులోకి రాసింది నేను.

ఉయ్యూరు వచ్చింది. దయచేసి ఎక్కు పెదనాన్నా. ఈసారి ఉయ్యూరు దాటతాం.


విజయవాడ, ఆసుపత్రి నుంచి,
6 ఆగస్టు 2025

జుబియాకు,

కూర్చోవడానికి ఒప్పుకోలేదు గానీ, దిండు ఎత్తు పెట్టి అట్ట ఇచ్చారు. ఇది పెద్దమ్మ నీ హాస్టల్‌కి తెస్తుంది. నువ్వు రోజూ వస్తూనే ఉన్నావు, అయినా వార్డులో నేను మాట్లాడితే నా గొంతు నాకు తెలియదు, పక్క మంచాల వాళ్లంతా తలలు తిప్పుతారు. ఇది వాళ్లు వినాల్సింది కాదు.

ఆపరేషన్ చేసిన డాక్టరు నిన్న పెద్దమ్మకి చెప్పింది, పెద్దమ్మ నాకు సగమే చెప్పింది. మిగతా సగం తన మొహంలో చదివాను. ఆలస్యమైంది. కాలికి స్పర్శ రావొచ్చు, రాకపోవచ్చు. ఆరు నెలలు, ఏడాది. ఒంటేలు గొట్టం ఇప్పుడప్పుడే తియ్యరు. కల్యాణమండపం వాళ్లు మిగతా పరుపులు రెడీమేడ్‌వి కొనుక్కున్నారట. మంచిదే.

తొమ్మిదో ప్రశ్నకి జవాబు: ఉంది. నీ ఫారం మా గడప తొక్కేసరికి మొదలై రెండు రోజులైంది. నీ చేతిరాతలో ఆ మాట చూసి కాగితం మడిచేశాను. నా చేత మొదటి అక్షరం అలిఫ్ దిద్దించుకున్న చెయ్యి అది. దానికి నేనేమని జవాబు రాయను?

నువ్వు "లేదు" అని టిక్కు పెట్టినందుకు కుమిలిపోతున్నావని రూతు పెద్దమ్మతో చెప్పిందట. పెట్టింది నువ్వు, పెట్టించింది నేను. ఇంక అది మానెయ్.

ఇంకో ప్రశ్నకి కూడా జవాబు బాకీ ఉన్నాను. నా వీపు మీద ఎందుకు ఎక్కనివ్వలేదని.

నువ్వు ఎదురుకాళ్లతో పుట్టలేదమ్మా. అందరు పిల్లల్లాగే తలతోనే పుట్టావు. మీ అమ్మ పోయాక ఊరు ఒక మాట అంది. ఏమందో రాయను, నీకు ఊహ తెలిసేసరికి ఆ మాట వినపడకుండా చేద్దామనే కదా ఇదంతా. నువ్వు ఎదురొస్తే ఆడాళ్లు వాళ్ల పిల్లల్ని చంకలో దాచుకునేవాళ్లు. రావమ్మ పాలు గడప బయటే పెట్టి పోయేది. రెండేళ్లు. నీకు నడక వచ్చి వీధిలోకి వెళ్తే వీధి ఖాళీ అయ్యేది.

అప్పుడు రావమ్మ మొగుడు బసవయ్యకి నడుం పట్టింది. ఎదురుకాళ్ల వాళ్లెవరైనా ఉన్నారా అని ఊరంతా తిరుగుతున్నారు. నేను పరుపు కుడుతున్నాను. తల ఎత్తకుండా అన్నాను, "మా జుబియా ఎదురుకాళ్లతోనే పుట్టింది. దాని కష్టంలోనే వాళ్లమ్మ పోయింది" అని. పుట్టిన ఇల్లు మాది, చూసింది మీ పెద్దమ్మ ఒక్కతే. తను దబ్బనంలో దారం ఎక్కిస్తోంది. ఎక్కిస్తూనే ఉంది.

నడుం పట్టు మూడు రోజుల్లో దానంతటదే వదులుతుంది. పరుపులవాడికి ఆ మాత్రం తెలుసు. బసవయ్య నాలుగో రోజున నిటారుగా నడిచొచ్చి నిన్ను ఎత్తుకున్నాడు. నిన్ను బయటివాళ్లు ఎత్తుకోవడం అదే మొదటిసారి. గడప బయటి పాలచెంబు లోపలికి వచ్చింది. ఆ తర్వాత ఎన్ని వీపులు ఎక్కావో నీకే తెలుసు.

నా వీపు మీద ఎక్కనిస్తే? నాకు తగ్గకపోతే నీ మొహం వాడిపోతుంది. తగ్గితే నా అబద్ధాన్ని నేనే నమ్ముతాను. రెండూ వద్దనుకున్నాను.

ఇప్పుడు ఒకటి అడుగుతాను. పని చెయ్యదని నాకంటే ఎక్కువ తెలిసినవాడు ఎవడూ లేడు. నడుం మీద కుట్లున్నాయి, దాని జోలికొద్దు. కుడి పాదం మీద, ఒక్కసారి, నీ పాదం పెట్టు. ఊరంతా పెట్టించుకుంది. నేనొక్కణ్ణే మిగిలాను.

పెదనాన్న


విజయవాడ వన్ టౌన్,
10 ఆగస్టు 2025

పెదనాన్నకు జుబియా సలాం.

నీ ఉత్తరం రిసెప్షన్‌లో కూర్చుని చదివాను. ఎదురుగా బట్టల కొట్టాయన మెడ పట్టుకుని కూర్చున్నాడు. "ఏమ్మా, ఇంట్లో ఎవరికైనా బాలేదా?" అన్నాడు. "మా పెదనాన్నకండీ" అన్నాను. "ఏ ఊరు?" "పామర్రండీ." "అక్కడ నడుం తొక్కే పిల్ల ఉండేదటగా, మా బావమరిది చెప్పేవాడు" అన్నాడు. "అది నేనేనండీ" అన్నాను. ఆయన మెడ తిప్పబోయి, తిరగక, మనిషంతా నావైపు తిరిగాడు. ఇన్నాళ్లూ నేను భయపడింది దీనికే. ఇంతే ఇది.

తలతో పుట్టానని తెలిశాక నాకేమనిపించిందో ఇంకా నాకే తెలియడం లేదు. నా పాదాలు చూసుకున్నాను. కొంచెం వెడల్పు, బొటనవేలి గోరు పగిలి ఉంది. ఇన్నేళ్లూ ఇవి నావి కావనుకుని నడిచాను, ఊరివనుకున్నాను. వాటి కథ నాకోసం నువ్వు అల్లావు. నీ మీద కోపం రావాలి. వచ్చింది కూడా. దానికి నిలబడే చోటు దొరకలేదు.

క్లినిక్‌లో ఫారాలు ఇస్తూనే ఉన్నాను. తొమ్మిదోది వచ్చేసరికి కాగితం వాళ్లవైపు తిప్పుతున్నాను. ఆ ప్రశ్న ఇకనుంచి డాక్టరుగారే లోపల, తలుపు వేసి, అడుగుతానన్నారు. మంచిదే. నీకేం ఉపయోగం?

నిన్నటి సంగతి రాయాలి.

మధ్యాహ్నం వచ్చాను. పెద్దమ్మ గిన్నెలు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది. నీ ఉత్తరం మడిచి నా చేతిలో పట్టుకున్నాను, నువ్వు చూసి తల ఊపావు, కళ్లు మూసుకున్నావు. చెప్పులు విడిచాను. వార్డు గచ్చు చల్లగా ఉంది. మంచం చివర స్టూలు వేసుకుని ఎక్కి, దుప్పటి తీసి, నీ కుడి పాదం మీద నా పాదం పెట్టాను. నీది వెచ్చగా ఉంది. మూడుసార్లు పెట్టడం ఆచారం కదా, మూడుసార్లూ పెట్టాను. మూడోసారి గట్టిగానే నొక్కాను, నా పగిలిన గోరు నీ చర్మం మీద గీరుకుంది, తెల్లటి గీత పడింది. దుప్పటి సర్దాను. పక్క మంచం ముసలాయన నోరు తెరిచి చూస్తున్నాడు.

నువ్వు ఇంకా కళ్లు మూసుకునే ఉన్నావు. కాసేపటికి, నీకు వినపడని నీ పెద్ద గొంతుతో, వార్డంతా వినేలా అన్నావు: "ఏంటే, ఎక్కవేం? సిగ్గా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నువ్వు కళ్లు తెరిచావు. దుప్పటి మళ్లీ తీసి, నువ్వు చూస్తుండగా మళ్లీ పెట్టాను. నా పాదాన్నే చూస్తూ, "ఆఁ, ఇప్పుడు తెలిసింది" అన్నావు. బసవయ్య కోసం వచ్చినవాళ్లకి నేను ఎదురుకాళ్లతో పుట్టానని చెప్పినప్పుడు కూడా ఇలాగే, తల ఎత్తకుండానే చెప్పి ఉంటావు.

ఇది నీకు రాయకూడదనే అనుకున్నాను. రాత్రంతా అనుకున్నాను. కానీ ఖాళీలు వదిలితే ఏమైందో ఇద్దరం చూశాంగా.

రేపు మధ్యాహ్నం మళ్లీ వస్తాను. ఎల్లుండి కూడా. ఆరు నెలలన్నారు కదా, వస్తూనే ఉంటాను. నువ్వు మాత్రం కళ్లు తెరవకు. నా పాదం తెలిస్తేనే చెప్పు.

నీ
జుబియా